మూడో గల్లీలో ట్రాక్టర్

సోమవారం మధ్యాహ్నం కామాఠీపురా మూడో గల్లీలోకి ఒక ట్రాక్టర్ వచ్చింది. దానంతట అది రాలేదు. రెండు చక్రాల ట్రాలీ మీద కూచుని, శంకర్రావు జీపు లాగుతుంటే బరాత్‌లో పెళ్లికొడుకులా వచ్చింది. నారింజ రంగుది, చాలా చిన్నది. పెద్ద ట్రాక్టర్‌కి పుట్టి ఇంకా పాలు మానని పిల్లలా ఉంది. నీళ్ల నల్లాకీ ఇస్త్రీ బండికీ మధ్య ఆగేసరికి జీపు కింద నుంచి కాలిన వాసన లేచింది. శంకర్రావు దిగి, ముక్కు మూసుకుని, "క్లచ్ ప్లేటు పోయింది" అన్నాడు, దగ్గరి చుట్టమెవరో పోయినట్టు.

జీపుని నలుగురు తోసుకుంటూ నాగ్‌పాడా గ్యారేజీకి తీసుకుపోయారు. ట్రాలీ మిగిలింది. ముందు కొసకి రాళ్లు ఎత్తు పెట్టి నిలబెట్టారు.

మొదటి అంతస్తు గ్యాలరీలో రత్నాబాయి బియ్యం ఏరుతూ ఇదంతా చూసింది. పక్కనే కూతురు మంగళ కాళ్లు చాపుకుని, గోడకి ఆనుకుని కూచుంది. కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండి మూడు రోజులయింది.

శంకర్రావు బిల్డింగు కాంట్రాక్టరు. ఖోలీ అనే ఒక్కో గదిలో ఒక్కో కాపురం ఉండే ఈ చాలు మేడలో సగంమంది మగవాళ్లు ఆయన పనుల మీద పరంజాలు కట్టేవాళ్లే. మలబార్ హిల్ మీద ఏదో బంగళా పడగొట్టే పనిలో, ఆ తోటలో గడ్డి కోసే ఈ ట్రాక్టర్ ఆయన చేతికి వచ్చింది. దాన్ని షోలాపూర్ దగ్గర బావమరిది ద్రాక్షతోటకి పంపిస్తున్నాడు. మధ్యలో ఖండాలా ఘాట్ కొండదారి ఉంది. ఆయన భయమంతా దాని గురించే.

"బాలయ్యా, కెంప్స్ కార్నర్ దిగుతుంటే జానెడు జరిగింది. నా పానం గొంతులకొచ్చింది. అదే ఘాట్ల జరిగితే? గట్టిగ కట్టు. జీపు వచ్చేదాంక కట్టే ఉండాలె. నేను రోజు పొద్దున వచ్చి చూస్త."

బాలయ్య రత్నాబాయి మొగుడు, పరంజా మేస్త్రీ. తాడు భుజం మీద వేసుకుని ట్రాక్టర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు చూశాడు.

"ఇరవై రెండు మాలాల మేడకు పరంజా కట్టిన సేఠ్. గాలికి బిల్డింగు కదిలింది గని నా కట్టు కదల్లే. ఇదెంత?"

"మేస్త్రీ," అన్నాడు కింద కూచుని చక్రాల మధ్యకి తొంగి చూస్తున్న యాదయ్య. "దీన్ని మీదికెళ్లి కడితే నిలువదు. టైర్లు బంతి లెక్క ఎగుర్తయి. కిందికెళ్లి ఇరుసుకు కట్టాలె, నాలుగు మూలలకు. మా పటేల్ ట్రాక్టర్ లారీకెక్కించినప్పుడు..."

"మీ పటేల్‌నే పిలువు మరి. వచ్చి కడతడు."

అందరూ నవ్వారు. యాదయ్య కూడా నవ్వాడు, తప్పదు కనక. పాలమూరు నుంచి వచ్చి ఏడు నెలలయింది. బాలయ్య చేతికింద పని, ఈ చాలు మెట్లకింద పడక. బాలయ్య తాత కూడా పాలమూరు నుంచే వచ్చాడు. కానీ తాతలు వచ్చిన పాలమూరుకీ, నిన్న వచ్చినవాడి పాలమూరుకీ మధ్య కామాఠీపురాలో చాలా దూరం ఉంది.

బాలయ్య పరంజా కట్టినట్టే కట్టాడు. బానెట్ మీంచి రెండు చుట్లు, సీటు మీంచి రెండు చుట్లు. చుట్ల మధ్యలో మూరెడు బొంగు కర్ర దూర్చి మెలితిప్పాడు. తిప్పినకొద్దీ తాడు కిర్రుమంది, టైర్లు కొంచెం అణిగాయి. ఇక తిరగనన్న చోట కర్ర కొసని సన్న దారంతో బిగించి, తాడుని వేలితో మీటాడు. టంగుమంది. శంకర్రావు తృప్తిగా తలాడించి, యాదయ్యని ట్రాలీ కిందే పడుకుని కాపలా ఉండమని చెప్పి వెళ్లాడు.

మంగళవారం పొద్దున తాళ్లన్నీ వదులుగా వేలాడుతున్నాయి.

శంకర్రావు తాడు కింద వేలు పెట్టబోతే చెయ్యి మొత్తం మోచేతిదాకా పోయింది. "కట్టినవా బాలయ్యా, దండ ఏసినవా?" అన్నాడు.

నల్లా దగ్గర బిందెల వరస ఆగిపోయి తలో మాటా అన్నారు. కొత్త తాడు సాగుతుందని ఒకరు. ఎండకి టైర్లలో గాలి ఉబ్బి, పొద్దుటి చలికి తగ్గుతుందని ఇంకొకరు. పక్క ఖోలీ గంగాబాయి, బంగళా సేఠ్ ఆత్మ దాంట్లోనే ఉంది, తోట వదిలి రావడం దానికి ఇష్టం లేదని చెప్పింది. బాలయ్య ట్రాలీ పలక మీద పడి ఉన్న కర్రని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. పక్కనే చుట్ట చుట్టి ఉన్న సన్న దారాన్నీ చూశాడు. తర్వాత ఇంకో కర్ర తెప్పించి, జంట కర్రలు పెట్టి, మొహం ఎర్రబడేదాకా తిప్పాడు.

బుధవారం పొద్దున మళ్లీ అంతే.

ఈసారి శంకర్రావు హాస్యమాడలేదు. "నీ చెయ్యి తప్పిందన్నా అయ్యుండాలె, లేకుంటే ఎవడన్నా విప్పుతుండాలె. ఏది?"

గల్లీ అంతా వింటోంది. చెయ్యి తప్పిందంటే ఇక పరంజా మీద పదిమంది ప్రాణాలు ఎవరు అప్పగిస్తారు? బాలయ్య చేతిలోని దారంవైపు చూశాడు. దాన్ని పిడికిట్లో ముడిచాడు.

"ఇక్కడ పండేది యాదిగాడే" అన్నాడు.

"మేస్త్రీ!" అన్నాడు యాదయ్య.

"ఇరుసుకు కట్టు, ఇరుసుకు కట్టు అన్నవు గద మొదటి దినం. నీ మాట ఇనలేదని పంతమా?" అంటూ బాలయ్య చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు తల గోక్కున్నాడు.

"రేపటి సంది నా పని మీద నువ్వు కనబడొద్దు" అన్నాడు శంకర్రావు. "కూలోళ్ల నాకా మీద మేస్త్రీలకు, ముకద్దములకు గూడ చెప్తున్న. ముడులు విప్పేటోన్ని ఎవడు పెట్టుకుంటడు?"

యాదయ్య నోరు తెరిచాడు. తల ఎత్తి గ్యాలరీవైపు చూశాడు. అక్కడ రత్నాబాయి ఉంది, మంగళ ఉంది, మంగళ జుట్టుకి నూనె రాస్తూ రత్నాబాయి అత్త నర్సమ్మ ఉంది. యాదయ్య నోరు మూసుకున్నాడు. ట్రాలీ కింద నుంచి గోనెపట్టా, చెంబు తీసుకుని ఫాక్‌లాండ్ రోడ్ వైపు వెళ్లిపోయాడు.

రత్నాబాయికి ఎటూ తోచలేదు. అతను విప్పితే అతనికేం లాభం? విప్పకపోతే ఆ చూపేమిటి? మధ్యాహ్నం మొగుడికి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"యాదయ్య ఎందుకు విప్పుతడయ్యా?"

"చారు పొయ్యి" అన్నాడు బాలయ్య.

గురువారం తెల్లవారుతుండగా, నల్లా రాకముందే బిందె వరసలో పెడదామని రత్నాబాయి కిందికి దిగింది. ట్రాలీ మీద తెల్లచీర కనిపించింది. గంగాబాయి చెప్పిన ఆత్మ గుర్తొచ్చి మెట్టు మీదే ఆగిపోయింది. ఆత్మ దగ్గింది. ఆ దగ్గు ముప్పై ఏళ్లుగా తెలిసిన దగ్గు.

డెబ్బై ఏళ్ల నర్సమ్మ పలక మీద గొంతుక్కూచుని ఉంది. సన్న దారం విప్పేసింది. మెలిపడిన కర్రని రెండు చేతులతో పట్టుకుని, అది ఎగిరి తగలకుండా ఒక్కొక్క చుట్టే వెనక్కి వదులుతోంది. ఆ చేతులు ఒకప్పుడు పరంజా మీద బొంగులు అందించిన చేతులని ఎవరూ చెప్పనక్కరలేదు. కర్ర వదులయ్యాక దాన్ని పలక మీద పొడుగ్గా పడుకోబెట్టింది. దారాన్ని బొటనవేలికీ చిటికెనవేలికీ అడ్డంగా చుట్టి, కొస లోపలికి దోపి, పక్కన పెట్టింది.

"అత్తా! ఏం చేస్తున్నవు?"

"మెల్లగ. ఇంకొక్కటుంది."

"నువ్వా విప్పేది?"

"కండ్లు లేవా? నెల నిండిన పిల్ల ఇంట్లుంటే, ఆకిట్ల ఇంత పెద్ద ముడి ఏసి పెట్టిండు నీ మొగుడు. లోపల బిడ్డకు తొవ్వ యాడిది?"

అప్పుడు రత్నాబాయికి వారం రోజుల ఇల్లంతా అర్థమైంది. పెట్టెకి తాళం లేదు. మంగళకి జడ లేదు. బియ్యం గోనె మూతి తెరుచుకునే ఉంటోంది. మొన్న ఎవరో తన పైజామా నాడా లాగేశారని బాలయ్య వేసిన కేకకి చాలంతా లేచింది. కాన్పు ఇంట్లో ముడీ తాళమూ ఉండకూడదన్నది రత్నాబాయికి తెలియనిది కాదు. మంగళ పుట్టినప్పుడు తన పెట్టె తాళం తీసింది కూడా ఈ అత్తే. అయితే అది ఇంటివరకే అనుకుంది. గల్లీ దాకా వస్తుందనుకోలేదు.

"ఇది మన ఇల్లు కాదు గదత్తా. శంకర్రావు బండి."

"మన ఆకిట్ల నిలబడ్డంక మనదే."

"యాదయ్య పని పోయింది. తెలుసా?"

ముసలామె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "పిల్ల నీళ్లాడంగనే నేనే చెప్త. ఇప్పుడు చెప్తే నీ మొగుడు మళ్ల బిగిస్తడు."

"అప్పటిదాంక వాడేం తినాలె?"

"మొగోడు. నాలుగు దినాలు యాడన్న బతుకుతడు. లోపలున్నది యాడ బతుకుతది?"

రత్నాబాయి మున్సిపాలిటీ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. పిల్లలు ఎట్లా పుడతారో ఆస్పత్రి గోడ మీద బొమ్మ కూడా చూసింది. ఆ బొమ్మలో ట్రాక్టర్ లేదు. ఆమె ట్రాలీ ఎక్కి, పడుకోబెట్టిన కర్రని తీసి తాడులో దూర్చింది. ఒక చుట్టు తిప్పింది. పైనుంచి మంగళ గొంతు వినిపించింది: "ఆయీ... నడుం గుంజుతుందే."

రత్నాబాయి కర్ర వదిలేసింది. అది గిర్రున వెనక్కి తిరిగి ఆమె మణికట్టుకి తగిలింది. మణికట్టు పట్టుకుని దిగి, బిందె తీసుకుని వరసలోకి వెళ్లింది. చూసినవాళ్లకి ఆమె చేసిన తప్పేమీ కనిపించదు. ఒక కర్ర తిప్పలేదు, అంతే.

పైకి వచ్చి మంగళ నడుముకి కాపడం పెడుతూ, ఇక శంకర్రావు వస్తాడు, వదులు తాళ్లు చూస్తాడు, యాదయ్య కాదని దానంతట అదే తేలిపోతుంది అనుకుంది. కాస్త తేలికపడింది కూడా. అంతలో బాలయ్య మొహమైనా కడుక్కోకుండా కిందికి దిగాడు. అటూ ఇటూ చూశాడు. కర్రలు తీసి, ఎవరితోనూ మాట్లాడకుండా, గబగబా బిగించాడు. ఎనిమిదింటికి శంకర్రావు వచ్చి తాడు మీటితే టంగుమంది.

"చూసినవా సేఠ్," అన్నాడు బాలయ్య. "వాడు పోయిన సంది ఇంచు కదల్లే."

గ్యాలరీలో రత్నాబాయి చేతిలోని కాపడం గుడ్డ చల్లారిపోయింది. విప్పేదెవరో మొగుడికి తెలుసు. ఎప్పటినుంచి తెలుసు? తెలిసీ ఎందుకు? అడగాలంటే నర్సమ్మ అక్కడే ఉంది, మంగళ అక్కడే ఉంది. ఒకే ఖోలీలో నలుగురు ఉండే ఇంట్లో రహస్యం దాచడం ఎంత కష్టమో అడగడమూ అంతే కష్టం.

శుక్రవారం కూడా అదే జరిగింది. తెల్లవారుతుండగా తల్లి విప్పింది. ఏడింటికి కొడుకు కట్టాడు. ఇద్దరూ మెట్ల మీద ఎదురైనప్పుడు, మిల్లులో షిఫ్టు మార్చుకునేవాళ్లలా ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. రత్నాబాయి మధ్యలో నిలబడి ఎవరిని ఆపాలో తెలియక, ఇద్దరికీ చాయ్ పోసింది.

మధ్యాహ్నం మంగళకి నొప్పులు మొదలయ్యాయి. "నొప్పులు!" అని గంగాబాయి అరిచిన అరుపుకి టాక్సీ కోసం పరిగెత్తాల్సిన బాలయ్య ట్రాలీ వైపు పరిగెత్తాడు. దారం విప్పడానికి కూడా ఓపిక లేక కొడవలితో కోసేశాడు. కర్రలు ఎగిరి ఒకటి బానెట్‌కి తగిలింది. తాళ్లన్నీ లాగి, కుప్పగా నేలమీద పడేసి, అప్పుడు టాక్సీ కోసం వెళ్లాడు. ఈ పని పట్టపగలే చేశాడు కానీ, అందరి కళ్లూ మంగళ మీద ఉండటంవల్ల రత్నాబాయి ఒక్కతే చూసింది.

సాయంత్రం ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. నర్సమ్మ ఆ ఘనత డాక్టరమ్మకి కొంచెం కూడా ఇవ్వలేదు.

శనివారం పొద్దున రత్నాబాయి ఆస్పత్రి నుంచి వచ్చేసరికి జీపు గల్లీలో ఉంది. బాలయ్య తాళ్ల కుప్ప ముందు కూచుని చిక్కులు తీస్తున్నాడు. శంకర్రావు ఇరానీ హోటల్లో చాయ్‌కి వెళ్లాడు.

"ఎన్నటి సంది తెలుసు నీకు?" అంది రత్నాబాయి.

ఏది అని అతను అడగలేదు. "మొదటి దినమే. ఆ దారం చుట్ట మా అమ్మది. నాకు చుట్టుడు నేర్పింది ఆమెనే."

"మరి యాదయ్య పేరెందుకు చెప్పినవు?"

"శంకర్రావు అడిగిండు. ఎవని పేరో ఒకటి చెప్పాలె గద."

"చెయ్యి తప్పిందని చెప్పకపోయినవు?"

బాలయ్య చిక్కు తీస్తూనే ఉన్నాడు. ఆ చిక్కు ఎప్పుడో విడిపోయింది.

రత్నాబాయి ఇంట్లోకి వెళ్లలేదు. అట్నుంచి అటే ఫాక్‌లాండ్ రోడ్ మూల మీది నాకాకి నడిచింది. పొద్దున్నే కూలీలంతా పనికోసం కూచునే చోటు. తొమ్మిదయింది కనక పని దొరికినవాళ్లంతా వెళ్లిపోయారు. మిగిలిన ముగ్గురిలో యాదయ్య ఉన్నాడు. దారి పొడవునా ఆమె మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఒక్కటీ పనికి రాలేదు.

"బిడ్డ అయిందా అక్కా?" అన్నాడు.

"ఆడపిల్ల. నిన్న పొద్దుగూకంగ."

"పిల్ల తల్లి మంచిగుందా?"

"మంచిగుంది. యాదయ్యా, ఆ తాళ్లు విప్పింది..."

"అవ్వ. నాకు తెల్వదా? ట్రాలీ కింద పన్నోన్ని. నా మీదికెళ్లే అడుగేసుకుంట ఎక్కింది, ముసల్ది."

"మరి ఎందుకు చెప్పలేదయ్యా?"

"మా దిక్కు గూడ విప్పుతరక్కా. నేను నోరు తెరిస్తే మేస్త్రీ బిగించి కడతడు. రేపు ఆ పిల్లకేమన్నయితే యాదిగాని నోరు మంచిది కాదంటరు." గోనెపట్టా కొసని గోటితో గీరాడు. "మేస్త్రీ చెప్తడనుకున్న. దారం చూసి ఆయినకు ఎరుకైంది. నేను ఆయిన మొకమే చూసిన. చెప్పలే. మూడు దినాలాయె, ఎవడు పిలుస్తలేడు."

"రా. జీపొచ్చింది. నీ తీరుగ ఇరుసుకు కట్టు."

అతను లేవలేదు. "పిలువుమన్నది మేస్త్రీయా? నువ్వా?"

రత్నాబాయి అబద్ధం ఆడదామనుకుంది. ఈ వారంలో ఆ పని ఇంట్లో అందరూ చేసేశారు, ఆమె వంతే మిగిలింది. "నేనే" అంది.

అతను పట్టా దులుపుకుని లేచాడు.

గల్లీలో శంకర్రావు మండిపడ్డాడు. "వీడెందుకొచ్చిండు మళ్ల?"

బాలయ్య తాడు చూసుకుంటున్నాడు. రత్నాబాయి మొగుడి వైపు చూసి ఆగింది. ఎంతసేపైనా ఆగేటట్టే నిలబడింది. ఈలోగా గ్యాలరీలోంచి నర్సమ్మ వంగి అందుకుంది.

"విప్పింది నేను, శంకర్రావ్! నాలుగు దినాలు నేనే విప్పిన. మునిమనుమరాలు పుట్టింది. మళ్ల పుడితే మళ్ల విప్పుత. నీ బండి ఇంకో గల్లీల పెట్టుకో!"

శంకర్రావు బాలయ్య వైపు తిరిగాడు.

"అవు సేఠ్," అన్నాడు బాలయ్య. చేతిలోని తాడు కింద పెట్టాడు. "నాకెరుకే. వాని తప్పు లేదు."

ముందు శంకర్రావు నవ్వాడు. ఆయన నవ్వాడు కనక గల్లీ నవ్వింది. ముసలమ్మ నడుము బలం మీద, బాలయ్య నాడా మీద హాస్యాలు రేగాయి. నాలుగు రోజుల సంగతి నాలుగు నిమిషాల్లో తమాషా అయిపోయింది. ఆ సందడిలో యాదయ్యతో ఎవరూ ఒక్క మాట అనలేదు. అతను అప్పటికే ట్రాలీ కింద ఉన్నాడు.

ముందు ట్రాక్టర్‌ని జానెడు ముందుకి తోయించాడు, బరువు కొంచెం జీపు కొక్కెం మీద పడేట్టు. గేరు వేయించాడు. చక్రాలకి ముందూ వెనకా చెక్కలు దిగ్గొట్టాడు. తాళ్లని ఇరుసుల మీంచి నాలుగు మూలలకీ ఏటవాలుగా తీశాడు. ఇనుము అంచు తగిలే చోట తన గోనెపట్టానే చింపి మడిచి పెట్టాడు. కర్ర పెట్టి తిప్పినప్పుడు ట్రాక్టర్ పలకకి అతుక్కున్నట్టు కూచుంది. పక్కనుంచి ఇద్దరు ఊపితే ట్రాలీ మొత్తం ఊగింది తప్ప అది విడిగా ఊగలేదు. బాలయ్య ఒంగి ప్రతి కట్టూ చూశాడు.

"చలో, కట్టినోడు ఎక్కాలె" అన్నాడు శంకర్రావు స్టీరింగు ముందు కూచుంటూ. బరువు కట్టినవాడే ఘాట్ దాటేదాకా వెంట పోవాలి, ఆగిన ప్రతిచోటా కట్లు చూసుకోవాలి. అది పనివాళ్ల నియమం. అలవాటుకొద్దీ బాలయ్య ముందు సీటు వైపు అడుగేశాడు. ఆగాడు.

"నువ్వెక్కు యాదయ్యా. కట్టు నీది."

యాదయ్య అయోమయంగా తన చేతులకున్న గ్రీజు చూసుకున్నాడు. లుంగీకి తుడుచుకుని, జీపెక్కి, సీటు కొసన కూచున్నాడు. ముందు సీట్లో కూచోవడం అతనికి ఇదే మొదటిసారి కాబోలు, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

రత్నాబాయికి సంతోషించాలో వద్దో తెలియలేదు. మొగుడి పక్కకి వచ్చి మెల్లగా అడిగింది. "మర్యాద చేసినవా? లేకుంటే ఘాట్ల ఏమన్నయితే మళ్ల వాని నెత్తి మీదికే పోవాలనా?"

బాలయ్య ఆమెను చూశాడు. ఆ సంగతి తనకీ అప్పుడే తట్టినట్టుంది, తట్టాక తనకీ తేలనట్టుంది. జీపు కదిలింది. అది నాలుగడుగులు పోయేదాకా బాలయ్య అలాగే నిలబడి చూసి, హఠాత్తుగా పరిగెత్తాడు. బొజ్జ అడ్డమొచ్చినా వెనక కడ్డీ పట్టుకుని, ఒక చెప్పు గల్లీలో వదిలేసి, లోపలికి పడ్డాడు.

"నువ్వెందుకయ్యా మళ్ల?" శంకర్రావు వెనక్కి తిరిగి అరిచాడు.

"కట్టినోడు ముందట కూసున్నడు," అన్నాడు బాలయ్య రొప్పుతూ. "విప్పినోళ్లు ఒకరన్న వెనక ఉండాలె గద."

స్పేర్ టైరు మీద కూచుని ట్రాక్టర్‌కి ఎదురుగా తిరిగాడు. జీపు మూల తిరిగేదాకా రత్నాబాయి చూసింది. అతను తాళ్లనే చూస్తున్నాడు. వాటి మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.